జిగురు మీదికి నెట్టిన తప్పు

ఓవెన్‌లో జిగురు కాగుతున్నప్పుడు వచ్చే ఘాటు వాసన నన్ను ఈనాటికీ అక్కడ నిలవనివ్వదు. మా ప్రయోగశాలలో విద్యార్థులు పరీక్ష కోసం ఉక్కు బిళ్లలు అతికించిన ప్రతిసారీ వెళ్లి కిటికీ దగ్గర నిలబడతాను. మేడమ్‌కు ఆ వాసన పడదని వాళ్లనుకుంటారు. ఓబులేసన్న గుర్తొస్తాడని నేనెప్పుడూ చెప్పలేదు.

కడప దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను పరిశోధన చేసే రోజుల్లో ఆయన మా ల్యాబ్ టెక్నీషియన్. కాంట్రాక్టు ఉద్యోగం. ఒత్తితే కరెంటు పుట్టే ఒక రకం పింగాణీ పొడిని ప్లాస్మా మంటలో కరిగించి ఉక్కు మీద పూతగా చిమ్మేవాళ్లం. పంపు మూత మీద ఆ పూత ఉంటే పంపు అదురును అదే పసిగడుతుంది. పూత ఎంత గట్టిగా పట్టిందో తేల్చడం నా పని. అదే పూత వేసిన చిన్న బిళ్లకు జిగురుతో మరో బిళ్లను అతికించి, ఊడేదాకా యంత్రంతో లాగాలి. మొదటిరోజే ఓబులేసన్న ఊడిన ముక్కలు నా చేతిలో పెట్టాడు.

“నంబరు తర్వాత రాసుకుందువు పాపా, ముందు దీని మొగం చూడు. రెండు పక్కలా జిగురే ఉంటే జిగురు ఓడిపోయినట్టు, మళ్లా చేయాల. ఉక్కు బయటపడిందంటే మనమే ఓడిపోయినట్టు.”

ఆయనది నేత కుటుంబం. పూతకు ముందు గరుకు చేసిన ఉక్కును ఇంటి నుంచి తెచ్చిన నూలుగుడ్డల్లో చుట్టి, వేలు తగలనిచ్చేవాడు కాదు. చేతిచెమట అంటితే పూత పట్టదని రోజుకు పదిసార్లు చెప్పేవాడు. నాకు విసుగొచ్చేది. ఒక మే నెల మధ్యాహ్నం, ఆయన భోజనానికి వెళ్లినప్పుడు, ఒక సిమెంటు ఫ్యాక్టరీకి పంపాల్సిన పంపు మూతనూ, దానితోపాటు ఐదు బిళ్లలనూ ఒట్టి చేతులతో పూతకు బిగించేశాను. ఆయన వచ్చి పూత వేశాడు. మర్నాడు లాగితే మూడు బిళ్లల్లో గరుకు ఉక్కు బయటపడింది. పూత గీకేసి మళ్లీ వేయడానికి నాకు ఓపిక లేదు, గడువూ మిగల్లేదు. ఆ మూడింటి ఎదురుగా ‘జిగురు ఊడింది’ అని రాసి, మిగిలిన రెండింటితో రిపోర్టు ముగించాను.

నెల తిరక్కుండానే మూత మీది పూత పెచ్చులూడింది. రిపోర్టు బాగుంది కాబట్టి మూత మీద చిమ్మిన చేతిదే తప్పన్నారు మా ప్రొఫెసర్. ఓబులేసన్న చెత్తడబ్బాలోంచి ఏరి దాచిన ఆ మూడు బిళ్లలూ ప్రొఫెసర్ బల్ల మీద పెట్టాడు.

“ఉక్కు కనపడతాండాది సార్. మీరే చూడండి.”

ప్రొఫెసర్ బిళ్లల వైపు చూడలేదు. నన్ను అడిగారు, జిగురేనా అని.

“జిగురే సార్,” అన్నాను.

ఓబులేసన్న నన్ను ఒక్కసారి చూసి, బల్ల మీది బిళ్లలు ఏరుకున్నాడు. ఆ నెలాఖరుకు ఆయన్ని పంపేశారు. వెళ్తూ బిళ్లలను నూలుగుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు. “పారేయబాక,” అన్నాడు.

కొన్నేళ్ల తర్వాత, ఉద్యోగంలో కుదురుకున్నాక, రాజంపేటలో మోటార్లు రిపేరు చేసుకుంటున్నాడని తెలిసి వెళ్లాను. తప్పు నాదేనని కాలేజీకి రాసిస్తానన్నాను. ఆయన రాగితీగ చుట్టడం ఆపలేదు.

“ఇప్పుడు రాస్తే నీ ఉద్యోగం పోతాది, నాది రాదు. నేను వద్దంటానని తెలిసే వచ్చినావు కదా.”

ఆ మాటకు నాకు సిగ్గు వేయాల్సింది. ముందు కలిగింది ఊరట. అందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. రాయనూ లేదు.

ఆ మూట నా సొరుగులోనే ఉంది. ఎవరైనా జిగురు ఊడిందంటే ముక్కలు చూపించమంటాను. నాకు నిజాయితీపరురాలినన్న పేరుంది. నిన్న ఒక విద్యార్థిని ఉక్కు బయటపడిన బిళ్లలు తెచ్చి నా ముందు పెట్టింది.

“చెయ్యి తగిలించినాను మేడమ్. తప్పు నాదే.”

మెచ్చుకుందామని నోరు తెరిచాను. సొరుగులోని మూట గుర్తొచ్చింది. మళ్లీ చేయమని సైగ చేసి, కిటికీ వైపు తిరిగాను.