కాళ్ళ మీద మొదటి చెంబు

థెరపీ మేడం పోయారన్న కబురు పిల్లల తల్లుల గ్రూపులో వచ్చింది. హిందీలో రెండు ముక్కలు, వాటి కింద చేతులు జోడించిన బొమ్మలు. అప్పుడు నేను కొట్లో ఎండుమిరపకాయలు తూస్తున్నాను. ఘాటుకు ఎలాగూ కళ్ళు మండుతున్నాయి కాబట్టి నేను ఏడుస్తున్నానని ఎదురుగా నిలబడ్డ మనిషికి తెలియలేదు. కాయలు పొట్లం కట్టి ఇచ్చాను. ఆ తర్వాత ఇంకో ఇద్దరికి ఉప్పు, సబ్బులు ఇచ్చాను. అలసిపోయిన వాళ్ళ దుఃఖం ఇలాగే ఉంటుందేమో, చేతిలో పని అయ్యాకే దాని వంతు వస్తుంది.

మాది భోపాలపట్నంలో కిరాణా కొట్టు. ఇది హిందీ రాష్ట్రం. నేను గోదావరి అవతలి తెలుగు ఊరి నుంచి కోడలిగా వచ్చినదాన్ని, అందుకే తెలుగు రాయడం వచ్చు. మా ఆయన ఇక్కడ పుట్టి పెరిగాడు, ఆయనకు రాత అంతా హిందీలోనే. మా అమ్మాయి శ్రావణికి ఇప్పుడు పదిహేనేళ్ళు. తనకు ఆటిజం. మాటలు చాలా తక్కువ, చప్పుళ్ళంటే భయం, రోజూ జరిగేది ఒక్క పిసరు మారినా తట్టుకోలేదు. మేడం ఆక్యుపేషనల్ థెరపిస్టు. అంటే తినడం, బట్టలు తొడుక్కోవడం, స్నానం చేయడం లాంటి రోజువారీ పనుల్లో పిల్ల ఎంతవరకు వస్తోంది, ఎక్కడ ఆగుతోంది, ఎందుకు ఆగుతోంది అని చూసి చెప్పే మనిషి. గనుల కాలనీలో స్థిరపడిన ఆంధ్రావాళ్ళ అమ్మాయి. జగదల్‌పూర్ నుంచి నెలకోసారి బీజాపూర్ సర్కారు ఆస్పత్రికి వచ్చేవారు.

నేను ఆవిడ దగ్గరకు మంచి ఉద్దేశంతో వెళ్ళలేదు. అది ముందే చెప్పుకుంటే నయం.

రాయ్‌పూర్ దగ్గర ఇలాంటి పిల్లల్ని చేర్చుకునే హాస్టల్ ఒకటి ఉందని మా మరిది కనుక్కొచ్చాడు. కాకపోతే పిల్ల తన స్నానం, తన తిండి, తన బట్టలు తానే చూసుకోవాలి, అలా అని థెరపిస్టు అసెస్‌మెంటు రాసివ్వాలి. అప్పటికి శ్రావణికి పన్నెండేళ్ళు. నేను పన్నెండేళ్ళుగా వరసగా నాలుగు గంటలు నిద్రపోయి ఎరగను. ఒక్కదాన్నే గుడికి వెళ్ళి ఎరగను. రోజూ పొద్దున స్నానానికి తను పెట్టే కేకలకు వీధి వీధంతా లేచేది. హాస్టల్ మాట వినగానే నాకు బాధ కలగలేదు. ప్రాణం లేచొచ్చింది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మా కొట్ల వాళ్ళకు సర్కారు మనిషి ఎవరొచ్చినా తనిఖీయే. తనిఖీ అంటే ముందురోజే అన్నీ సర్ది పెట్టాలి. నేనూ అదే చేశాను. ఇరవై రోజులు శ్రావణిని కూర్చోబెట్టి గుండీలు పెట్టడం, తల దువ్వుకోవడం, గ్లాసులో నీళ్ళు పోసుకోవడం, పూసలు గుచ్చడం వరసగా బట్టీ పట్టించాను. ఒక్కో పనికి ఒక్కో జంతిక.

బీజాపూర్ ఆస్పత్రిలో ఆవిడ గదిలోకి వెళ్ళేసరికి మేడం నేల మీద చాప వేసుకుని కూర్చుని ఉన్నారు. యాభై దాటి ఉంటాయి. మమ్మల్ని చూడగానే గాజులు, గడియారం తీసి సంచిలో వేసుకున్నారు. ఏ పిల్ల దగ్గరకు వెళ్ళినా అలాగే తీసేసేవారు, ఆ గలగల పిల్లలకు పడదని. తర్వాత బ్లేడుతో పెన్సిల్ చెక్కుకుని, శ్రావణికి దువ్వెన ఇచ్చారు. శ్రావణి దువ్వెన పక్కన పెట్టి గుండీలు పెట్టుకుంది. అవి అప్పటికే పెట్టి ఉన్నాయి, వాటినే విప్పి మళ్ళీ పెట్టింది. నేను నేర్పిన వరసలో గుండీలే ముందు మరి! ఆ తర్వాత దువ్వుకుంది. ఆ తర్వాత గ్లాసు కోసం వెతికింది. చివరికి నా వైపు తిరిగి చెయ్యి చాపింది, జంతిక కోసం.

"ఎన్నాళ్ళు నేర్పించారమ్మా?" అన్నారు మేడం.

"నేర్పుడేంది మేడం? అన్నీ ఆమెనే చేసుకుంటది" అన్నాను. చెయ్యి ఇంకా చాపే ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆవిడ కోప్పడలేదు. పెన్సిల్ పక్కన పెట్టి, "శనివారం మీ ఇంటికొస్తాను. ఏమీ సర్దకండి, పాపకు కొత్త బట్టలు వేయకండి. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి" అన్నారు.

వచ్చారు. ముందురోజు సాయంత్రమే బయల్దేరి, బస్సు దారిలో మద్దేడ్ దగ్గర ఆగిపోతే ఎవరిదో మోటారుసైకిల్ వెనకాల కూర్చుని వచ్చి, మా ఇంట్లోనే పడుకున్నారు. తెల్లవారేసరికి మా అత్తమ్మ పిల్లకు పట్టుగౌను తొడిగే ప్రయత్నంలో ఉంది, నేనే లాక్కున్నాను. మేడం పెరట్లో స్నానాల బండ పక్కన పీట వేసుకుని, పంచదార లేని డికాషన్ తాగుతూ కూర్చున్నారు.

నేను రోజూ చేసేదే చేశాను. శ్రావణి మణికట్టు గట్టిగా పట్టుకుని బండ మీదకు లాగాను, నెత్తి మీద చెంబెడు నీళ్ళు గుమ్మరించాను. తను కేక పెట్టి, గింజుకుని, నా చెయ్యి కొరికింది. నేను ఇంకో చెంబు పోశాను. మరేం చేయను? పని కావాలిగా.

అంతా అయ్యాక మేడం లేచి వచ్చారు. "మీరు కూర్చోండమ్మా ఇక్కడ. కళ్ళు మూసుకోండి."

కూర్చున్నాను. ఏవో నాలుగు ప్రశ్నలు అడుగుతారనుకున్నాను. నెత్తి మీద దబ్బున చెంబెడు నీళ్ళు పడ్డాయి. చీర, జడ, అన్నీ తడిసి ముద్దయ్యాయి. "ఏంది మేడం ఇది!" అని అరిచాను, ఊపిరి అందక. మా అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది.

"మీకు నీళ్ళంటే భయం లేదు. అయినా గుండె అదిరింది కదా?" అన్నారు మేడం. "పాపకు రోజూ ఇంతకు పదింతలు. ఎప్పుడు పడుతుందో తెలీదు, ఎవరో చెయ్యి పట్టేసుకుంటారు. ముందు కాళ్ళ మీద పోయండి. పోసి పది దాకా ఆగండి. ఆ తర్వాత మోకాళ్ళు. తల ఆఖర్న. అదీ తను ఒప్పుకున్న రోజున."

అప్పుడు తడిబట్టలతోనే ఏడ్చేశాను. "నాతోని కాదు మేడం. నేను అలిసిపోయిన. హాస్టల్‌కు రాసియ్యండి, మీ కాళ్ళు మొక్కుత" అన్నాను.

ఆవిడ నా పక్కనే తడి బండ మీద కూర్చున్నారు. "రాస్తానమ్మా. ఉన్నదున్నట్టు రాస్తాను. మీరు అలిసిపోయారని కూడా రాస్తాను. దానికి ఫారంలో గడి లేదు, పక్కన రాస్తాను."

నిజంగానే రాశారు. స్నానం ఎదురుగా "సహాయంతో మాత్రమే", కొత్తవాళ్ళ చేతుల్లో అయితే అసలు జరగదని ఒక వాక్యం, పక్కన మార్జిన్‌లో చిన్న అక్షరాలతో "మా బహుత్ థకీ హై" అని. తల్లి చాలా అలసిపోయి ఉంది. పన్నెండేళ్ళలో ఆ సంగతి కాగితం మీద పెట్టిన మొదటి మనిషి ఆవిడ. అంతా పెన్సిల్‌తోనే. పెన్నుతో రాయరేమని అడిగితే, "పెన్నుతో రాస్తే పిల్ల అక్కడే ఉండిపోతుందని నా భయం. మీ సంగతి కూడా పెన్సిలేనమ్మా" అన్నారు.

హాస్టల్ వాళ్ళు చేర్చుకోలేదు. రెండు నెలలు నేను ఆవిడ ఫోను ఎత్తలేదు. ఒక ముసలి డికాషన్ మనిషి నా నోటి దగ్గర కూడు తీసేసిందని మా ఆయన దగ్గర నానా మాటలూ అన్నాను. ఆవిడ మాత్రం నెలనెలా ఫోన్ చేస్తూనే ఉన్నారు. మూడో నెల విసుగొచ్చి ఎత్తాను. "ఎలా ఉన్నారు?" అని అడిగారు. శ్రావణి సంగతి కాదు, నా సంగతి. ఆ నెలే బీజాపూర్ వెళ్ళాను.

అప్పటి నుంచి మూడేళ్ళు, ఒక నెల మేం వెళ్తే ఇంకో నెల ఆవిడ వచ్చేవారు. ఏదో అద్భుతం జరిగిందని రాయలేను. కాళ్ళ దగ్గరే ఆరు నెలలు ఆగాం. మోకాళ్ళకు ఇంకో నాలుగు. నా కష్టమంతా ఆ పది లెక్కలోనే ఉండేది. శ్రావణిని ఏదైనా అడిగితే మేడం చెయ్యి వెనక్కి పెట్టుకుని, బొటనవేలితో వేళ్ళ కణుపులు లెక్కపెట్టేవారు, పది దాకా. నాకు మూడు, నాలుగు దాటితే కాలు నిలిచేది కాదు, చెయ్యి ముందుకు పోయేది. "మీరు చేసేస్తే తను చేసేది మనకెప్పుడు తెలుస్తుందమ్మా?" అనేవారు. కొన్నిసార్లు ఎనిమిదో లెక్కకు శ్రావణి చెంబు అందుకునేది. చాలాసార్లు పదయ్యేది, ఏమీ జరిగేది కాదు. అప్పుడు మేడం మోకాళ్ళ మీద చేతులు ఆన్చి "అమ్మో" అంటూ లేచి, "సరే, ఇంకోసారి చూద్దాం" అనేవారు. ఆ మోకాళ్ళతో అన్నేళ్ళు నేల మీద ఎలా కూర్చున్నారో!

కిందటేడు కేకలు ఆగిపోయాయి. తల తప్ప మిగతా ఒళ్ళంతా తనే పోసుకుంటోంది. ఆఖరుసారి వచ్చినప్పుడు మేడం తన ఫైల్లోని ఫారం తీసి, స్నానం ఎదురుగా ఉన్న మాట మీద రబ్బరు ఆనించి, మళ్ళీ తీసేశారు. "తల కూడా కానివ్వండి, వచ్చే నెల చెరిపేద్దాం" అన్నారు. ఆ వచ్చే నెలకు ఆవిడ కిడ్నీల జబ్బుతో ఆస్పత్రిలో ఉన్నారు. ఆ పై నెల ఈ కబురు.

ఆ రోజు మధ్యాహ్నం కొట్టు మా ఆయనకు అప్పజెప్పి పెరట్లోకి వెళ్ళి బండ మీద కూర్చున్నాను. మా అత్తమ్మ వచ్చి చూసింది. "మనకేం మైల లేదు గదనే, తానమెందుకు?" అంది.

"నాకున్నది అత్తమ్మా" అన్నాను. ఆవిడ బకెట్ నిండా నీళ్ళు పెట్టి వెళ్ళిపోయింది.

చెంబు అందుకోవాలి, ముంచుకోవాలి, పోసుకోవాలి. అంతే పని. చెయ్యి లేవలేదు. ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. ఇప్పుడు ఫోన్ చేసి నేనెలా ఉన్నానని అడిగేదెవరు అన్న ఒక్క ఆలోచనే తిరుగుతోంది.

శ్రావణి ఎప్పుడొచ్చిందో చూడలేదు. చెంబు నీళ్ళలో మునిగిన చప్పుడుకు తలెత్తాను. నా ముఖం వైపు చూడలేదు, తను ఎవరి ముఖమూ చూడదు. వంగి, నా కాళ్ళ మీద నీళ్ళు పోసింది. నెమ్మదిగా, మడమల నుంచి వేళ్ళ దాకా.

పోసి ఆగింది. ఖాళీ చెంబు ఒక చేతిలో ఉంది. రెండో చెయ్యి వెనక్కి పెట్టుకుంది.