అక్కతో తెలకపల్లి పసరు మందుకు

2007 ఎండాకాలం. తెలకపల్లి దగ్గరి ఊళ్లో ఒక పెద్దమ్మ కామెర్లకు పసరు పోస్తుందని ఎవరో చెప్పగానే అక్క ప్రయాణం కట్టింది. వద్దంటే వినే మనిషి కాదు. గద్వాలలో ఉదయం ఐదున్నర బస్సెక్కాం.

అక్కవి మామూలు కామెర్లు కావు. ఒంటిని కాపాడాల్సిన శక్తే పిత్తనాళాలను తినేసే జబ్బు. కాలేయం చాలామటుకు గట్టిపడిపోయింది. హైదరాబాద్ డాక్టరు రోజూ మాత్రలు వాడమన్నాడు, కాలేయ మార్పిడికీ సిద్ధపడమన్నాడు. పరీక్షల్లో నా కాలేయం ముక్క సరిపోతుందని తేలింది. సరిగ్గా ఆ రోజు నుంచే అక్కకు పసరు మీద నమ్మకం పుట్టుకొచ్చింది.

ఏడున్నరకు వనపర్తి. మందు పరగడుపున తాగాలని అక్క నీళ్లు కూడా ముట్టలేదు. నేను మాత్రం సిగ్గులేకుండా నాలుగు ఇడ్లీలు లాగించాను. నాగర్‌కర్నూల్ బస్సులో చిన్నప్పటిలాగే కిటికీ సీటు కోసం పోట్లాడుకున్నాం. ఎంత హాయిగా నవ్విందో! జబ్బు తెచ్చిన దురదకు అక్క చేతులు గోక్కోవడం చూసి పక్క సీటు ముసలమ్మ, "గంత దురదేంది బిడ్డా? జర కొబ్బరినూనె రాయరాదు?" అంది.

పదిన్నరకు ఆటో దిగాం. పెద్దమ్మ అక్క కంటిరెప్ప కిందికి లాగి చూసింది.

"ఎన్ని దినాలాయె?"

"మూడేండ్లు."

"దవాఖాన గోలీలు?"

"పత్తెమని వారం కింద బంద్ పెట్టిన."

పసరుకూ ఇంగ్లీషు మందుకూ పడదని మా వైపు అందరూ నమ్ముతారు. అక్క నాతో మాటమాత్రం చెప్పకుండా మానేసింది. పెద్దమ్మ పసరు గిన్నె పక్కకు జరిపింది.

"నా మందు కొత్తగొచ్చిన కామెర్లకే. గిది నాతోని కాదు. పోయి గోలీలు మింగు."

ఆ దారిన వెళ్లేవాళ్లకు నేను చెప్పేదీ అదే. డాక్టరును అడగకుండా మాత్రలు మానకండి.

ఒంటిగంటకు తిరుగు బస్సు. కోపం ఆపుకోలేక అడిగేశాను. "నాకెందుకు చెప్పలేదు?"

"నిన్ను కోయనిస్తనా? ఇద్దరు పిల్లల తల్లివి."

"నువ్వు లేకుంటే నేనేం కావాలె?"

వనపర్తి దాటాక అక్క నా భుజం మీద తల వాల్చింది. ఇన్నేళ్ల తర్వాత ఆ దారిలోని చిన్న చిన్న ఊళ్లన్నీ నా మనసులో కలగలిసిపోయాయి. ఎండ, ఇంజను వేడి, నా భుజం మీద అక్క తల బరువు మాత్రం మిగిలాయి. పెబ్బేరు దగ్గర తల ఎత్తకుండానే అంది:

"డాక్టరుకు ఫోన్ చెయ్, చెల్లె. నాకు బతకాలనే ఉంది. నిన్ను అడగనీకె సిగ్గయింది."