గుట్ట మీద కూర్చున్న మనిషి

ఇది జరిగి నాలుగేళ్లయింది. అప్పటికి నాకు రాయడం రాదు. అరవై దాటాక, మోవా పేటలో మా చర్చి వెనక గదిలో పాస్టరమ్మగారు నా చేయి పట్టుకుని తెలుగు అక్షరాలు దిద్దించారు. బైబిలు చదువుకోవడానికని మొదలుపెట్టాం. ఈ ఊళ్లో గోడల మీదా బస్సుల మీదా ఉన్నదంతా హిందీ. నేర్చుకున్న అక్షరాలు చర్చి గడప దాటితే ఎక్కడా కనిపించవు. అందుకని నేనే కూర్చుని రాసుకుంటున్నాను.

మా ఆయన రైల్వేలో ఫిట్టరు. రిటైరయ్యాక ఈ ఊళ్లోనే గుఢియారీ పేటలో రెండు గదుల ఇల్లు కొనుక్కున్నాం. పిల్లలు లేరు. సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుంటే వీధి కుక్కలు రెండు వచ్చి కాళ్ల దగ్గర చేరేవి. ఎర్రది ముసలిది, ఆయన పాదం మీద గడ్డం ఆన్చి పడుకునేది. నల్లది కుర్రది, ఒక్కచోట నిలిచేది కాదు. నాకు కుక్కలంటే గిట్టదు. వాటికి అన్నం పెడతారని ఆయనతో చాలాసార్లు గొడవపడ్డాను. ఆయన పోయాక కూడా అవి అరుగు వదల్లేదు. మూడో రోజు నేనే గిన్నె బయట పెట్టాను. ప్రేమ ఉండి కాదు, అవి అలా చూస్తుంటే లోపల కూర్చోలేకపోయాను.

మా వీధికి పాలు పోసే అతనిది ఊరి చివర టాటీబంధ్ దాటి చాలా దూరం వెళ్లాక ఒక పల్లె. పల్లె వెనక గుట్ట ఉంది. ఎప్పుడో శిల్పులు నెల రోజులు అక్కడ మకాం చేసి, కాలిబాట పొడుగునా బొమ్మలు చెక్కి వెళ్లారట. ఇంట్లో ఒక్కదాన్నే ఉండిపోతున్నానని, ఒకసారి చూసిరమ్మని అతనే అన్నాడు. ఒక శనివారం పొద్దున తన ఆటోలో ఖాళీ క్యాన్ల మధ్య నన్ను ఎక్కించుకున్నాడు. కుక్కలు రెండూ ఆటో వెనక పరుగు పెట్టాయి. వీధి చివర ఆపి వాటినీ ఎక్కించాడు. సాయంత్రం పాలు తెచ్చేటప్పుడు మమ్మల్ని తిరిగి దింపాడు. ఆ తర్వాత ప్రతి శనివారం అదే వరస.

"మీ సాహెబ్‌లు ఎక్కారా, దాయీ?" అనేవాడు కుక్కల్ని చూసి. ఇక్కడ పల్లెల్లో తల్లిని దాయీ అంటారు.

"ఎక్కారు. నీ ఆటో కుదుపులకి నడుం పట్టేస్తోందట."

"ఊరికే ఎక్కేవాళ్లకి నడుం కూడానా?"

బాట మొదట్లో తోక మీద నిలబడ్డ చేప ఉండేది. తర్వాత మనిషెత్తు చెవి. నల్లది అందులో దూరి అవతలి నుంచి వచ్చేది. సగం దారిలో ఒక పెద్ద రాయికి రెండు కళ్లు మాత్రం ఉండేవి. చెక్కుతున్నాయన జ్వరం తగిలి వెళ్లిపోయాడట. నల్లది వారం వారం దాని మీదికి కాలెత్తేది. మేకలు కాసేవాళ్లు చూసి నవ్వేవారు.

గుట్ట కొసన ఒక మనిషి కూర్చుని ఉంటాడు. మొహం మొరటుగా చెక్కారు. ఒక చేయి మోకాలి మీద ఉంది. మొదటి రోజే ఎర్రది వెళ్లి ఆ రాతి పాదం మీద గడ్డం ఆన్చి పడుకుంది. నేను పక్కన కూర్చుని అన్నం డబ్బా విప్పాను. ఆయన పోయిన తర్వాత కడుపు నిండా తిన్నది ఆ పూటే. మిగతా ఆరు రోజులూ ఆ ఒక్క పూట కోసం గడిపేదాన్ని.

ఆ ఏడాది వానలకి నాలుగు శనివారాలు వెళ్లలేదు. ఐదో వారం వెళ్లేసరికి కళ్ల రాయి నిండా సిందూరం పులిమి ఉంది. పైన ఎర్రగుడ్డ, ముందు కొబ్బరి చెక్కలు. నేను అర్థం చేసుకునే లోపే ఎర్రది ఒక చెక్క కరుచుకుంది, నల్లది పాత అలవాటు ప్రకారం కాలెత్తింది. అక్కడ ఊడుస్తున్న పల్లెటూరావిడ చీపురు విసిరింది.

"ఏం దాయీ, నీకూ కళ్లు లేవా?"

"పోయిన నెల దాకా ఇది రాయే కదమ్మా."

"పోయిన నెల రాయి. మా మనవరాలి జ్వరం దించింది. ఇప్పుడు మాత."

చెక్కేవాడి జ్వరం మాత్రం దించలేదు పాపం అనుకున్నాను. పైకి అనలేదు. వాళ్ల నమ్మకం వాళ్లది, తప్పు నా కుక్కలది. తప్పయిందని చెప్పాను.

"నువ్వు రా, నిన్నెవరూ కాదనరు. అవి మాత్రం ఈ దారిన రాకూడదు," అంది. మేకల్ని కట్టే తాడు తనే తెచ్చిచ్చింది. వాటిని వెనక్కి తీసుకెళ్లి రాతి చెవి దగ్గర కట్టేసి, ఒక్కదాన్నే పైకెక్కాను.

అదే మనిషి, మోకాలి మీద అదే చేయి. పక్కన కూర్చున్నాను. పాదం మీద చీమలు బారు కట్టాయి. అటు చూశాను, ఇటు చూశాను. ఎర్రది లేకపోయేసరికి అందులో మా ఆయన పోలిక ఒక్కటీ దొరకలేదు. రాయి పక్కన డబ్బా పట్టుకుని కూర్చున్న ముసలిదాన్ని, అంతే. కింద నుంచి ఎర్రది మూలుగు వినిపిస్తూనే ఉంది. డబ్బా విప్పకుండా దిగాను.

పల్లెటూరావిడ డబ్బా వంక చూసింది. "తినలేదేం? పైన అంత ఏముందని పోతావు?"

"ఏం లేదు. ఆ ఎర్రది అక్కడ పడుకుంటుంది. నేను తింటాను."

ఆవిడ చీపురు పక్కన పెట్టింది. "గుట్ట వెనక మేకల దారి ఒకటి ఉండేది. ఇప్పుడంతా ముళ్ల పొదలు. నీ ముసలిది ఎక్కలేదులే."

"నేనూ ముసలిదాన్నే."

"అయితే ఇద్దరూ కలిసి పడండి," అని మళ్లీ చీపురు అందుకుంది.

తిరుగు ప్రయాణంలో పాలతను సాహెబ్‌లు అలిగారా అని అడిగాడు. ఇంటికొచ్చాక కూడా ఎర్రది గిన్నె ముట్టలేదు. వయసు మీద పడ్డ ప్రాణి, ఎన్ని శనివారాలు మిగిలాయో తెలియదు.

మర్నాడు ఆదివారం. చర్చికి వెళ్లలేదు. పక్కింట్లో కొడవలి అడిగి తీసుకుని, కుక్కల్ని రెంటినీ పాల ఆటో ఎక్కించాను. పల్లె చుట్టూ తిరిగి గుట్ట వెనక్కి నడిచాను. ఎర్రదాన్ని ఒక చెట్టు నీడన కూర్చోబెట్టి, చీర చెంగు బిగించి, కింది పొద దగ్గర మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి చేతులు మోచేతుల దాకా గీరుకుపోయాయి. ఇరవై అడుగుల దారి తేలింది.