మైక్రోమీటర్‌ను అనుమానించి పంజాగుట్టకు వెళ్లిన రోజు

మేం చేసిన నలభై పంపు షాఫ్టులు కొన్న కంపెనీ నుంచి తిరిగొచ్చాయి. ఒక్కొక్కటి ఇరవై మైక్రాన్లు సన్నగా ఉందట. మిల్లీమీటరును యాభై ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క అన్నమాట. ఇంకోసారి ఇలా అయితే ఆర్డర్ వేరేవాళ్లకు ఇస్తామన్నారు. సూర్యాపేట దగ్గర మాది ఇనుము కోసే రెండు లేతుల షెడ్డు. ఆ ఆర్డరే ఆధారం. తిరిగొచ్చినవాటిని కొలిస్తే మందం చూసే నా మైక్రోమీటర్ కూడా తక్కువే చూపింది. లేతు మీద ఉన్నప్పుడు మాత్రం సరిగ్గా నలభై మిల్లీమీటర్లు చూపిందని నాకు బాగా గుర్తు. ఒకే షాఫ్టుకు రెండు కొలతలు చూపిందంటే పరికరమే చెడిందని తేల్చుకుని, ఆ మాట కాగితం మీద రాయించుకు రావాలని బయల్దేరాను.

ఐదున్నర బస్సు ఎనిమిదిన్నరకు ఎల్బీనగర్‌లో దించింది. మెట్రో స్టేషన్‌లో గార్డు నా సంచిలోంచి షాఫ్టు బయటికి తీశాడు.

“గిదేంది అన్నా, ఎవర్ని కొట్టనీకి?”

“అదే నన్ను కొట్టింది,” అని వాపసు చీటీ చూపించాను. చదివి వదిలేశాడు.

పంజాగుట్టలో దిగి పది నిమిషాలు నడిస్తే ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కొలత పరికరాలు పరీక్షించే ల్యాబ్ ఉంది. పై అంతస్తుల్లో రోడ్డు అదురు తగులుతుందని కింద పెట్టుకున్నారట. అక్కడ పనిచేసే గ్రేస్ మైక్రోమీటర్‌నూ షాఫ్టునూ నల్లరాయి బల్ల మీద పెట్టింది.

“రెండింటికి రాండి అన్నా. ఇవి జర ఈ గది చలికి రావాలె.”

“ఇప్పుడే చూడరాదా అమ్మా? దూరం నుంచి వచ్చిన.”

“ఇప్పుడు చూస్తే మీ బస్సు ఎండను కొలిసినట్లయితది.”

చేసేదేం లేక అమీర్‌పేట దాకా నడిచాను. కోచింగ్ బోర్డుల కింద ఒక మెస్సులో నూట ఇరవైకి భోజనం. వడ్డించే కోస్తా ఆయన నా నెరిసిన తల చూసి, “ఈ వయసులో ఏం కోర్సండీ?” అన్నాడు. “కొలతలు,” అన్నాను.

రెండింటికి గ్రేస్ తెల్ల గ్లవ్స్ వేసుకుని, కచ్చితమైన మందం తెలిసిన ఉక్కు దిమ్మెలను ఒక్కొక్కటే మైక్రోమీటర్‌లో పెట్టి చూసింది. అన్నీ సరిపోయాయి.

“దీనికేం కాలే అన్నా. షాఫ్టును ఎప్పుడు కొలుస్తరు?”

“ఆఖరి కోత కాగానే, లేతు మీదనే. మా మేస్త్రి అట్లనే నేర్పిండు.”

“కోసేటప్పుడు చల్లారనీకి నీళ్లు పోస్తరా?”

“పొయ్యం. తుడిచి కొలుస్తం.”

ఆమె హెయిర్ డ్రయ్యర్ తెచ్చి షాఫ్టును వేడిచేసింది. ముట్టుకుంటే చురుక్కుమంది. మా షెడ్డులో రోజూ తగిలే వేడే అది. “ఇప్పుడు మీరే కొలువుండ్రి,” అంది. సరిగ్గా నలభై. దాన్ని మళ్లీ రాయి మీద పెట్టి చల్లారనిచ్చి ఇచ్చింది. ఇరవై మైక్రాన్లు తక్కువ.

ఇరవై ఏళ్లుగా వేడికి ఉబ్బిన ఇనుమునే కొలుస్తున్నాను. ఇంత కచ్చితం అక్కర్లేని బోరు బుష్షులకు అది చెల్లింది, ఈ షాఫ్టులకు చెల్లలేదు.

మెట్రో మెట్ల కింద నిలబడి, కొన్నవాళ్ల ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేశాను. పొద్దున తెచ్చుకున్న మాటలు వేరు.

“తప్పు మాదే సార్. నలభై షాఫ్టులూ మళ్లీ చేసిస్తా.”

“ఈసారి ఎట్ల కొలుస్తవ్?”

“చల్లారినంక.”

“ముందు నాలుగు పంపు. చూస్త.”

నా మీద కన్నా పరికరం మీద అనుమానం రావడం తేలిక. ఆ తేలిక అనుమానాన్ని వదులుకోడానికే ఒక రోజు పట్టింది. ఇంటికొచ్చాక లేతు పక్కన ఒక రాతి పలక వేయించాను. కోసినవి ఇప్పుడు దాని మీద చల్లారుతున్నాయి, మేం ఆగుతున్నాం. మీరూ ఇలాంటి ల్యాబ్‌కు వెళ్తుంటే పది లోపే సామాను అప్పజెప్పండి. మధ్యాహ్నం చేరితే అది చల్లబడేసరికి ల్యాబ్ మూసేస్తారు.