మాగాయ జాడీలో లావా రాయి

మా ఇంట్లో పెట్టిన వస్తువు పెట్టినచోట ఉండదు. నా కళ్లజోడు బియ్యం డబ్బాలో దొరికిన రోజులున్నాయి.

దయ్యాలను నేను నమ్మను. చదివింది భూగర్భశాస్త్రం. అందులో చచ్చినవేవీ లేచి తిరగవు, కోట్ల ఏళ్లు బుద్ధిగా పడుంటాయి.

నా పీహెచ్‌డీ చల్లారిన ఒక అగ్నిపర్వతం మీద. సోడియం, పొటాషియం ఎక్కువున్న క్షార లావా, రెండు పొరలుగా గడ్డకట్టింది. పై పొర పొంగేముందు భూమి లోపల కొత్త వేడి లావా వచ్చి కలిసిందని నా వాదన. సాక్ష్యం ఖనిజాల్లో ఉంటుంది. లావా మారితే అందులో పెరిగే స్ఫటికం అంచుల రసాయనమూ మారుతుంది. పొరకొక రాయి తెచ్చుకున్నాను. తర్వాత ఆ గుట్ట కంకరై రోడ్లమీదికి వెళ్లిపోయింది.

రాళ్లను అమలాపురంలో మా ఇంట్లో పెట్టడం నా పొరపాటు. కోనసీమంతా ఒండ్రుమట్టి. బరువైన రాయి దొరికితే మావాళ్లు వదలరు. అమ్మ రెండింటినీ కొబ్బరిపీచుతో తోమి, మాగాయ జాడీల్లో ముక్కల మీద బరువుకు పెట్టింది.

"ఏవో గీతలుంటే మురికనుకుని కడిగేనురా," అంది.

ఆ గీతలు నేను వేసిన నంబర్లు. ఏది కింది పొరదో, ఏది పైదో తెలియకపోతే థీసిస్ లేదు.

కొత్తపేటలో, కాలేజీలో నాకు భూగర్భశాస్త్రం చెప్పిన పాత మాస్టారున్నారు. నీటికాసులతో రెండు కళ్లూ పోయాయి. రాళ్లు ఆయన చేతుల్లో పెట్టాను.

"మాగాయా?" అన్నారు.

"ఆయ్, అవునండీ."

అంతవరకు వింతేమీ లేదు.

ఎడమచేతిలో రాయిని చాలాసేపు నిమిరారు. "ఇది పైదయ్యా. లోపల ఓ పైరాక్సీన్ స్ఫటికముంది. నడుమ ఆకుపచ్చ, చుట్టూ రంగు లేదు. చల్లారిపోతున్న లావాలో పుట్టి, కొత్త వేడిలో పెరిగింది పాపం," అన్నారు, పక్కింటి పిల్ల సంగతి చెప్పినట్టు.

అప్పటికి ఆ రాయిని కోయించలేదు. పైకి ఒట్టి నలుపు.

కోయించి, పలచని ముక్కను మైక్రోస్కోపు కింద చూశాను. నడుమ ఆకుపచ్చ. చుట్టూ రంగు లేదు. ల్యాబులో రసాయనం తీస్తే నడుమ ఇనుము, సోడియం ఎక్కువ, అంచున మెగ్నీషియం. కొన్నాళ్లకు కాలేజీ బీరువాలో, గుట్ట దగ్గరే ఊడిన పెచ్చొకటి దొరికింది, పై పొర నంబరుతో. ఆ రాయికి అతికినట్టు సరిపోయింది.

ఎలా తెలిసిందండీ అని అడిగితే మాస్టారు, "ఏమోనయ్యా, అలా అనిపించింది," అని కాఫీ ఇప్పించారు. నాకిప్పటికీ తెలియదు. రాయిని అంత మర్యాదగా పట్టుకున్న మనిషిని మాత్రం మళ్లీ చూడలేదు.

పట్టా వచ్చిన రోజు ఇదంతా అమ్మకు చెప్పాను. మాగాయలో కారం కలుపుతూ, తలెత్తకుండానే అడిగింది:

"అయితే డాక్టరు నువ్వా, ఆయనా?"