ఓబులక్క తట్టిన తలుపులు

పొద్దున్నే ప్రొద్దుటూరు బైపాస్ రోడ్డు మీద నా దగ్గర నేర్చుకునే ఆడపిల్లలు పరుగెత్తుతుంటే, నేను కళ్ళు మూసుకుని వాళ్ళ బూట్ల చప్పుడు వింటాను. ఎవరి అడుగు బరువుగా పడుతోందో చెవికే తెలిసిపోతుంది. ఈ పద్ధతి నాది కాదు, ఓబులక్కది. “అడుగు చప్పుడైతాందంటే నేలను కొడతాండావని అర్థం. కొట్టి యాడికి పోతావు పాపా, మెల్లగా తాకి పో” అనేది. ఇవాళ ఒక పిల్ల బూట్లు టపటపమంటుంటే నా నోట అవే మాటలు వచ్చాయి. ఆమె నా పక్కనే నిలబడినట్టనిపించింది.

ఓబులక్కది సింహాద్రిపురం దగ్గర పల్లె, వేరుశనగ పండించే ఇల్లు. బస్సు తప్పినప్పుడల్లా పులివెందుల హైస్కూలుకు పరుగెత్తుకుంటూ వెళ్ళేదట. అబద్ధమాడడం చేతకాని మనిషి కాబట్టి, చాలాసార్లు కావాలనే బస్సు వదిలేశానని కూడా ఒప్పుకునేది. ఆ కాళ్ళే ఆమెను మారథాన్‌లో దేశానికి చాంపియన్‌ను చేశాయి, ఒలింపిక్స్ దాకా తీసుకెళ్ళాయి. అక్కడ పతకం రాలేదు. పెద్ద ఊళ్ళు ఉద్యోగాలిస్తామన్నా కాదని మా ప్రొద్దుటూరు వచ్చి ఆడపిల్లలకు పరుగు నేర్పడం మొదలుపెట్టింది. మావాళ్ళకు మొహమాటం తక్కువ. టీ అంగడి దగ్గర ఎవరో ఒకరు “ఏమ్మా, మెడల్ యాడ?” అని అడిగేవారు. ఆమె టీ ఊదుకుంటూ “రాలేదప్పా. శానా గట్టోళ్ళు వచ్చినారు ఆడికి” అనేది. ఆ జవాబు వెనక బాధ ఏమైనా ఉందేమోనని చాలా వెతికాను. నిజంగానే లేదు.

నాకప్పుడు పదహారేళ్ళు. నాన్నకు బట్టల అంగడి ఉండేది. నా పరుగు ఆయనకు కంట్లో నలుసు. చివరికి ఒక మాట మీదికి వచ్చాడు. జిల్లా పందెంలో మొదటిదాన్నయి రాష్ట్ర జట్టుకు పోతే సరే, లేదంటే పరుగు మానేసి అంగట్లో కూర్చోవాలి. ముద్దనూరు రోడ్డు మీద మొదలై జమ్మలమడుగులో ముగిసే పది కిలోమీటర్ల పందెం అది. దారి పొడుగునా మా చుట్టాలు, మా అంగడికి వచ్చేవాళ్ళు.

ముందురోజు ఓబులక్క నన్ను పరుగెత్తించలేదు. ఎండలో ఆ దారి వెంట ఇంటింటికీ తిప్పింది. “రేపు ఈ పాప మీ ముందరే పోతాది. పిలవద్దండి, ఏమీ ఇయ్యద్దండి. పలకలేదని కోపం పెట్టుకోవద్దండి” అని ప్రతి తలుపూ తట్టి చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఒలింపిక్స్‌కు వెళ్ళొచ్చిన మనిషి ఇలా బతిమాలడమేమిటని అడిగేశాను.

“నా తొలి పందెంలో మా మేనమామ మజ్జిగ చెంబుతో రోడ్డు మీదికొచ్చినాడు. మన ఊర్లల్లో పిలిచినోళ్ళను దాటి పోతామా? నిలబడి తాగినా. అత్త బాగుండాదా అని కూడా అడిగినా. అంతలోకి అందరూ పోయినారు” అని నవ్వింది.

మరునాడు నేనే ముందున్నాను. ముందే చెప్పిన ఇళ్ళవాళ్ళంతా చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డారు. ఒక ముసలాయన పలకరించబోయి, గుర్తొచ్చి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. జమ్మలమడుగు మొదట్లో మా మేనత్త ఇల్లు. నాన్నకు సొంత అక్క. చెంబు పట్టుకుని రోడ్డు మధ్యలోకి వచ్చింది. “చెమట కారిపోతాంది కదే. రెండు గుక్కలు తాగి పో తల్లీ” అంది. నిన్న విన్నదంతా ఏమైపోయిందో, నా కాళ్ళు ఆగిపోయాయి. తాగాను. వెనకే వస్తున్న దువ్వూరు అమ్మాయి నన్ను దాటిపోయింది. ఆ తర్వాత ఎంత తరిమినా అందలేదు.

నాన్న ముగింపు గీత దగ్గరే ఉన్నాడు. అత్త చెంబు సంగతి ఏడుస్తూ చెప్పినా “మాటంటే మాటే. పద ఇంటికి” అన్నాడు. ఓబులక్క మా ఇద్దరి మధ్యకు వచ్చింది.

“తప్పు నాదన్నా. నిన్న మీ అక్కోళ్ళ ఇంటికి తాళముండె. మళ్ళా పోవాల్సింది, పొద్దుపోయిందని పోలేదు. శిక్ష ఎయ్యాలంటే నాకెయ్యి.”

“నీకేం శిక్షమ్మా. రెండోది రెండోదే గదా.”

“ఒలింపిక్స్‌లో నా ముందర యాభైమందికి పైనే ఉండిరన్నా. పోయినంత దూరమూ వాళ్ళ ఈపులు చూస్తానే పరిగెత్తినా. నన్ను ఎవురూ ఇంటికి పొమ్మనలే.”

అప్పటికి అత్త కూడా అక్కడికి వచ్చింది. ఖాళీ చెంబుతో ఒక పక్కన నిలబడింది, తానేం తప్పు చేసిందో తెలియక. ఆమెను చూసేసరికి నాన్న ముఖంలో బిగువు సడలింది. “అది తాగకుండా వచ్చింటే మా అక్క నాతో ఏడాది పలకదు” అన్నాడు. ఓబులక్క వైపు చూడకుండానే “రేప్పొద్దున ఎన్ని గంటలకు పంపాల?” అని అడిగాడు. అంతకన్నా పెద్ద బహుమతి నాకు ఇంతవరకూ రాలేదు.

మరుసటి ఏడు రాష్ట్ర జట్టులో పరుగెత్తాను. అంతకు మించి పైకి పోలేదు, ఆ దిగులూ లేదు. ఓబులక్క పోయి మూడేళ్ళు. పందెం ముందురోజు నేనూ పిల్లలను వెంటబెట్టుకుని ఆ ఇళ్ళన్నీ తిరుగుతాను. తాళం వేసిన ఇంటికి రెండోసారి పోతాను. అయినా ప్రతి ఏడూ ఏదో ఒక పొరపాటు జరుగుతుంది, ఎవరో ఒక పిల్ల ఓడిపోతుంది, తండ్రి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటిదారి పడతాడు. నేను వెళ్ళి అడ్డం నిలబడతాను. చెప్పుకోవడానికి నాకు ఒలింపిక్స్ లేదు. “తప్పు నాదన్నా” అని మొదలుపెడతాను.