వారం సగటులో కలిసిపోయిన మా వంతు

ఇప్పటిదాకా నా మాట విన్నవాడు లేడు. కాలువ ఆఫీసు మెట్లెక్కితే చాలు, అటెండరు లోపలికి చూసి "వచ్చాడయ్యా నీళ్ళ పెద్దమనిషి" అంటాడు. లోపల నవ్వుతారు. ఆ నవ్వులన్నీ నాకు గుర్తున్నాయి.

మా ఊరి పైన కాలువ రెండుగా చీలుతుంది. సోమవారం నుంచి గురువారం దాకా నీళ్ళు ఎడమ పాయకు, మిగతా మూడు రోజులు మా పాయకు. మా నాన్న నాటి నుంచీ ఇదే వంతు. ఈ ఏడు మా వంతు మొదలవగానే చీలికకు పైన ఎవరో కాలువ షట్టరు దించేస్తున్నారు. ఎడమ పాయ వాళ్ళకు పలుకుబడి ఉంది, ఆ నీళ్ళు పైన ఆపించి తమ వంతుకు దాచుకుంటున్నారని నా అనుమానం. నా మిరప పూత మీద ఉంది, నీళ్ళు లేక రాలుతోంది.

చీలిక దగ్గర నీటిమట్టం కొలిచే మిషను పెట్టారు. దాని లెక్కలు ఇంజనీరు గదిలో తెర మీద కనపడతాయి. ఆయన మా అబ్బాయి ఈడువాడు.

"చూడు బాబాయ్, వారం సగటు పచ్చరంగులో ఉంది, అంటే నీళ్ళు సరిపడా వచ్చినట్టే. నీళ్ళు రాలేదంటావేంది?"

"వారమంతా నాకెందుకయ్యా? తెర మీద తేదీలు మార్చు. శుక్రవారం పొద్దున నుంచి ఆదివారం రాత్రి దాకా పెట్టు."

"బాబాయ్ కంప్యూటర్ కోర్సు చేసినట్టుండాడే" అన్నాడు గుమాస్తా.

ఇంజనీరు నవ్వుతూనే తేదీలు మార్చాడు. తెర మీద గీత అడుగుకు పడిపోయి, మూడు రోజుల పొడవునా అక్కడే పాకింది. గదిలో అందరూ చూశారు. ఆయన చప్పున మళ్ళీ వారం నొక్కాడు. పచ్చరంగు తిరిగొచ్చింది.

"మిషను కొత్తది బాబాయ్, ఒక్కోసారి తప్పు చూపిద్ది."

"నాలుగు రోజులు బానే చూపిచ్చి, మా వంతుకే చెడిపోయిందా?"

"భోజనాల టైమయింది, మళ్ళీ రా" అని లేచాడు.

మళ్ళీ వెళ్ళాను. వెళ్తూనే ఉన్నాను. ఎప్పుడు చూసినా తెర మీద వారమే. పక్కవాడి విందునూ నా పస్తునూ కలిపి సగటు తీసి, ఇద్దరి కడుపూ నిండిందంటే నేనెందుకు ఒప్పుకోవాలి?

ఇంజనీరు గారూ, శుక్రవారం మళ్ళీ మా వంతు. ఆ మూడు రోజులే పెట్టి చూడండి. గీత ఎందుకు పడిందో, షట్టరు ఎవరు దించారో నా మొహం మీద చెప్పండి. చెట్టు మీద ఇంకా సగం పూత ఉంది. అది రాలకముందే చెప్పండి.